ఆమె మాట ఆమెనే చెప్పనివ్వండి: గంజాం, గజపతి జిల్లాల తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి జిల్లాల తెలుగు సంఘాల పెద్దలకు, కుల సంఘాల కార్యవర్గాలకు, సముద్రం ఒడ్డున ఉన్న మన మత్స్యకార గ్రామాల పెద్దలకు నమస్కారాలు.

నేను బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని. అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం. ఇంట్లో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్లకి తోడుగా కొన్నేళ్లుగా స్టేషన్‌కీ, ఆస్పత్రికీ, కోర్టుకీ వెళ్తున్నాను. మీలో కొందరికి నా మొహం తెలుసు. సంఘం భవనాల్లో మొగుడూ పెళ్లాల పంచాయితీలు జరిగేటప్పుడు వెనక బెంచీ మీద మీరు నన్ను చూసే ఉంటారు.

మిమ్మల్ని అడగాలనుకున్నది ఒకటే. హింస భరించలేక గడప దాటిన ఆడపిల్ల మీ దగ్గరికి వస్తే ముందే పంచాయితీ పెట్టకండి. ముందు ఆమెకొక మనిషిని తోడివ్వండి. ఆ మనిషి ఆడమనిషై ఉండాలి, ఆమె భాష తెలిసి ఉండాలి, ఆమె అత్తింటితో ఏ చుట్టరికమూ ఉండకూడదు. మిగతా సంగతులు తర్వాత చూడొచ్చు.

ఇది సర్కారుని అడగాల్సిన మాట కదా, మమ్మల్ని అడుగుతావేంటి అని మీకు అనిపించొచ్చు. సర్కారు పెట్టాల్సినవి చాలావరకు పెట్టింది. ప్రతి జిల్లాలోనూ సఖి కేంద్రం ఉంది. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కౌన్సెలింగ్, అయిదు రోజుల దాకా తలదాచుకునే చోటు అక్కడే దొరకాలన్నది ఆ పథకం ఉద్దేశం. ఒడిశాలో పోలీస్ స్టేషన్లకి మహిళా శిశు డెస్కులు ఉన్నాయి. 181కి ఫోన్ చేయొచ్చు, ప్రాణం మీదికి వస్తే 112కి చేయొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టమే చెప్తోంది. అయితే మన ఇంటి గడపకీ ఆ డెస్కు ముందున్న కుర్చీకీ మధ్య ఉన్న దారిని ఏ పథకమూ నడిపించదు. ఆ దారిలో మన మనుషులే ఉండాలి. ఇప్పుడు కూడా మన మనుషులే ఉంటున్నారు, కాకపోతే ఎక్కువసార్లు ఆమెకి అడ్డంగా ఉంటున్నారు.

నేను కళ్లారా చూసింది చెప్తాను. సోంపేట వైపు నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి. పెళ్లయి నాలుగేళ్లు. ఒడియా అంటే కూరగాయల దుకాణంలో బేరం ఆడేంత వచ్చు, అంతకు మించి రాదు. మొగుడు సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్లాడు. అత్తా మరిదీ ఇక్కడ ఉంటారు. ఒక స్టేషన్‌లో డెస్కు ముందు ఆమె కూర్చుంది, పక్క కుర్చీలో ఆ మరిదే. అక్కడున్న పోలీసమ్మ మంచి మనిషి. మంచినీళ్లు తెప్పించింది, ఫ్యాన్ ఇటు తిప్పింది, నెమ్మదిగా అడిగింది. కానీ ఆవిడకి తెలుగు రాదు. కాబట్టి మరిదిని తర్జుమా చేయమంది.

అమ్మాయి చాలాసేపు మాట్లాడింది. అత్త పొయ్యి దగ్గర కర్ర తీసి కొట్టిందని, రెండు రోజులు తిండి పెట్టలేదని, పాపని గదిలో పెట్టి తలుపేసి తనని బయటికి నెట్టారని, మొగుడికి ఫోన్ చేస్తే ‘మా అమ్మ చెప్పినట్టు ఉండు’ అని పెట్టేశాడని. మరిది ఒడియాలో చెప్పింది ఒక్క ముక్క: ‘ఘరొ కథా, సామాన్యొ ఝగడా.’ ఇంటి సంగతి, చిన్న గొడవ అని. పుట్టింటికి వెళ్తానని పేచీ పెడుతోంది అని దానికి తోక తగిలించాడు. నేను వెళ్లేసరికి కాగితం మీద రాత సగం అయిపోయింది. ఒడియా అక్షరాల కింద ఆమె తెలుగులో సంతకం పెట్టి ఉంది. నేను పోలీసమ్మకి ఒడియాలో జరిగింది చెప్తే ఆవిడ ఆ కాగితం పక్కన పడేసి కొత్తది తీసింది, మరిదిని బయట కూర్చోమంది. బయటికొచ్చాక అమ్మాయి అడిగింది: ‘నాను సెప్పిందంతా ఇప్పుడైనా రాసినారా అమ్మా?’

ఫిర్యాదు రాసుకున్నాక దాన్ని చెప్పినవాళ్లకి చదివి వినిపించాలని, ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని పోలీసులు కేసు నడిపే పద్ధతి చెప్పే కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది, పాత చట్టంలోనూ ఉంది. చదివి వినిపించే ఉంటారు. ఆమె తల ఊపే ఉంటుంది. రాని భాషలో ఎంత చదివినా ఏం లాభం? గృహహింస చట్టం కింద పెట్టిన 2006 నిబంధనల్లో, ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, వాళ్లలో ఎవరికి చుట్టమైనా సరే అలాంటి వ్యక్తిని కౌన్సెలర్‌గా పెట్టకూడదని స్పష్టంగా ఉంది. కౌన్సెలర్ విషయంలో అంత జాగ్రత్త తీసుకున్న చోట, మాట మార్చి చెప్పే మనిషి సాక్షాత్తూ మరిదే అయినా ఎవరూ పట్టించుకోవడం లేదు. తెలుగొచ్చిన మనిషి ఇంకెవరూ అక్కడ లేకపోవడమే దానికి కారణం. బరంపురంలో తెలుగొచ్చిన మనిషి దొరకలేదంటే నమ్మబుద్ధవుతుందా? నేతవీధుల్లో, రైల్వే క్వార్టర్లలో, బజారులో, గోపాలపురం ఒడ్డున ఎక్కడ చూసినా మనవాళ్లే. కావలసిన వేళకి ఆ కుర్చీ పక్కన మాత్రం ఉండరు.

మన ఆడవాళ్ల పరిస్థితి అందరిదీ ఒకేలా లేదన్నది కూడా మీకు తెలిసిందే. ఇక్కడే పుట్టిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడం చదవడం ఒడియాలోనే. వాళ్లకి స్టేషన్ భయం ఉంటుంది కానీ భాష భయం ఉండదు. ఆంధ్రా నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లది పూర్తిగా వేరు కథ. వాళ్లకి అత్తిల్లే ఇల్లు, అత్తిల్లే లోకం, అత్తింటివాళ్లే నోరు. ఒడ్డున ఉన్న చేపలవాళ్ల ఊళ్లలో ముసలమ్మలు తట్ట నెత్తిన పెట్టుకుని ఒడియా ఊళ్లన్నీ తిరిగి అమ్మగలరు, కాగితం ముందు మాత్రం వేలిముద్రే. ఇక ఇక్కడి నుంచి పాతపట్నం, మందస, పలాస వైపు వెళ్లిన మన ఆడపిల్లలది తిరగేసిన కష్టం. మాట తెలుగే, కానీ చదవడం రాదు. అక్కడ తెలుగులో రాసిన కాగితం మీద ఒడియాలో సంతకం పెట్టి వస్తారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి పట్టణం ఇటు వచ్చాయి, ఇచ్ఛాపురం, సోంపేట, పాతపట్నం అటు ఉండిపోయాయి. పెళ్లి సంబంధాలు ఆ గీత చూసి ఆగలేదు, ఇప్పటికీ ఆగవు. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ దాటితే పాతపట్నం. పొద్దున్న అటు వెళ్లి సంత చేసుకుని మధ్యాహ్నానికి వచ్చేస్తాం. కానీ దెబ్బలు తిన్న ఆడపిల్లకి ఆ గీత గోడై కూర్చుంటుంది. ఇక్కడికి వెళ్తే ‘మీ పుట్టింటి ఊళ్లో పెట్టుకో’ అంటారు. అక్కడికి వెళ్తే ‘జరిగింది ఒడిశాలో కదా’ అంటారు. రెండు స్టేషన్ల మధ్య తిరిగి తిరిగి చివరికి అత్తింటికే వెళ్లిపోయిన వాళ్లని చూశాను.

అందుకే ఈ సంగతి సంఘంలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, అక్కడి మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ఇచ్ఛాపురంలో అమ్మ ఇంట్లో తలదాచుకుంటే అక్కడే పెట్టుకోవచ్చు. అక్కడిచ్చిన ఆర్డరు దేశమంతా చెల్లుతుందని అదే సెక్షన్‌లో ఉంది, అంటే బరంపురంలో ఉన్న మొగుడి మీద కూడా చెల్లుతుంది. క్రూరత్వం కేసు పుట్టింటి ఊళ్లో పెట్టుకోవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం ఎక్కడ జరిగినా సమాచారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలని, అదే జీరో ఎఫ్‌ఐఆర్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. ఇవేవీ మన ఆడపిల్లలకి తెలియవు. ‘ఇది మా పరిధి కాదు’ అన్న మాట విన్నప్పుడు పక్కన ఒక్క మనిషి ఉండి ‘అయ్యా, 173 చూడండి’ అంటే చాలు, చాలాసార్లు పని జరుగుతుంది.

ఇప్పుడు మీతో కాస్త కటువుగానే మాట్లాడాలి. పంచాయితీల్లో నేను ఎక్కువగా విన్న మాట: ‘మనం ఇక్కడ తక్కువమందిమి. మన గొడవ ఒడియావాళ్ల ముందు పెట్టుకుంటే పరువేం మిగులుతుంది?’ ఆ బాధ నాకు అర్థమవుతుంది. పరాయి భాష రాష్ట్రంలో మూడు నాలుగు తరాలుగా మన పండగలు, మన పెళ్లిళ్లు, మన మాట నిలబెట్టుకుంటూ వచ్చాం. సంఘం లేకపోతే అది జరిగేది కాదు. కానీ ఆ పరువు బరువంతా దెబ్బలు తిన్నదాని నెత్తినే ఎందుకు పెడుతున్నారు? కొట్టినవాడికి పరువు గురించి చెప్పిన పెద్దని నేను ఇంతవరకూ చూడలేదు. మనం తక్కువమందిమి అన్నది ఆమె విషయంలో ఇంకా నిజం. ఆమె పుట్టిల్లు రాష్ట్రం అవతల, ఇరుగుపొరుగు భాష వేరు, తెలిసినవాళ్లంతా మొగుడివైపు వాళ్లే. అందరికంటే తక్కువమంది ఆమెకే ఉన్నారు. సంఘం ఉండాల్సింది అలాంటివాళ్ల కోసమే కదా.

పంచాయితీ ఎలా సాగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మగవాళ్లు కుర్చీల్లో, ఆమె గుమ్మం పక్కన. మొగుడివైపు వాళ్లలో ఒకరు గుడికి విరాళం ఇచ్చినవాళ్లు ఉంటారు. ఆమె వైపు వచ్చేది తండ్రి, లేకపోతే అన్న, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అలసటతో. ‘ఏం జరిగింది’ అని అడగకముందే ‘నువ్వేం చేశావు’ అని అడుగుతారు. రెండు గంటల తర్వాత స్టాంపు పేపరు మీద ‘ఇకమీదట కొట్టను, ఆమె కూడా పెద్దలకి ఎదురు చెప్పదు’ అని రాస్తారు. కొట్టడం, ఎదురు చెప్పడం ఒకే వాక్యంలో ఒకే తప్పుగా పడతాయి. ఆ కాగితానికి కోర్టులో ఆర్డరుకున్న బలం లేదు. మేజిస్ట్రేట్ ఇచ్చిన రక్షణ ఉత్తర్వు ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. మన స్టాంపు పేపరుని ఉల్లంఘిస్తే ఇంకో పంచాయితీ పడుతుంది.

మీలో అందరూ అలాంటివాళ్లే అని నేను అనను. అర్ధరాత్రి తలుపు తీసి, భార్యని లేపి, ఆడపిల్లకి అన్నం పెట్టించి తెల్లారి ఇచ్ఛాపురం బస్సెక్కించిన పెద్దాయన మన సంఘాల్లోనే ఉన్నారు. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, నేనూ పేరు చెప్పను. ఆయన ఒంటరిగా, చాటుగా చేసింది సంఘం బాహాటంగా చేయాలన్నదే నా మాట.

ఇది ఎక్కడో ఒకటీ అరా ఇంట్లో జరిగేది అనుకోవద్దు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన 18–49 ఏళ్ల ఆడవాళ్లలో భర్త చేతి హింస ఎప్పుడో ఒకప్పుడు చవిచూసినవాళ్లు ఒడిశాలో 30.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. గీతకి అటూ ఇటూ తేడా ఏమీ లేదు. దేశం మొత్తం మీద హింసకి గురైనవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతం. ఆ అడిగినవాళ్లలోనూ ఎక్కువమంది అడిగేది పుట్టింటివాళ్లనే, పోలీసులదాకా వెళ్లేది బహు తక్కువమంది. అంటే మన వీధిలో ఎవరైనా వచ్చి నోరు తెరిచారంటే, నోరు తెరవనివాళ్లు అదే వీధిలో ఇంకా చాలామంది ఉన్నారన్నమాట. సంఘం భవనంలో ఆమెకి ఏం జరుగుతుందో వాళ్లంతా కిటికీల్లోంచి చూస్తూ ఉంటారు. అక్కడ ఆమెకి తలవంపులు జరిగితే, రెండోది రాదు.

బరంపురం పెద్దలకి ఒక మాట గుర్తు చేస్తాను. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర వస్తుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి నుంచి దేశీబెహరా వీధికి వస్తుంది. అది ఆమెకి పుట్టిల్లు. డేరా నేతవాళ్ల కులపెద్ద దేశీబెహరా ఆమెకి తండ్రి. మన డేరా నేతవాళ్ల ఇళ్ల ఆడపడుచుగా ఆ తల్లిని తెచ్చుకుంటాం. రోజుల తరబడి నెత్తిన పెట్టుకుంటాం. రాత్రుళ్లు ఘటాలు వీధి వీధీ తిరుగుతుంటే గుమ్మాల్లో నీళ్లు పోసి, ఒడియావాళ్లూ మనమూ అన్న తేడా లేకుండా దండాలు పెడతాం. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుని ‘ఎందుకొచ్చావు, ఎప్పుడు వెళ్తావు’ అని అడగకూడదన్న మర్యాద మనకి ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఊరంతా కలిసి అమ్మవారికి ఇచ్చే ఆ పుట్టిల్లుని, నిజంగా పుట్టిల్లు దూరమైపోయిన పిల్లకి ఒక చిన్న గదిలో ఇమ్మంటున్నాను.

అవును, గది. ప్రతి సంఘానికీ కల్యాణ మండపమో, భవనమో ఉంది. పెళ్లివారు దిగడానికి గదులున్నాయి. అందులో ఒక్కటి, లోపలి గడియ బాగా పడేది, పక్కనే బాత్రూమ్ ఉన్నది, ఏడాది పొడుగునా ఖాళీగా ఉంచండి. ఒక మంచం, పిల్లకి ఒక పరుపు, ఫ్యాను, మంచినీళ్లు, ఒక మొబైల్ చార్జరు, ఆడవాళ్లకి కావలసిన నాప్‌కిన్లు, రెండు జతల బట్టలు. ఎంత ఖర్చవుతుంది? ఒక్క పెళ్లిలో లైటింగ్‌కి అయ్యేంత కూడా కాదు. సఖి కేంద్రంలో అయిదు రోజులు ఉండనిస్తారు, కానీ రాత్రి పదకొండింటికి ఆటో దొరక్క, అక్కడికి ఎలా వెళ్లాలో తెలియక ఆగిపోయేది మన వీధిలోనే. ఆ ఒక్క రాత్రి కోసం ఆ గది. అక్కడికి మొగుడు, మామ వచ్చి అడిగినా ఆమె లోపల ఉందని చెప్పకూడదు. సర్కారు ఆశ్రయ గృహాలకి కూడా ఆమె కోరితే ఆమె ఉనికి బయటపెట్టకూడదన్న నిబంధన ఉంది. వాచ్‌మన్‌కి ఇది ముందే గట్టిగా చెప్పాలి. చుట్టాలు టీ డబ్బులిచ్చి అడిగేది అతన్నే.

తర్వాత తోడు వెళ్లే ఆడవాళ్లు. వీధికి ఇద్దరు చాలు. లాయర్లు అయ్యుండక్కర్లేదు. రెండు భాషలు మాట్లాడగలగాలి, నోరు గుట్టుగా ఉంచుకోగలగాలి, గంటల తరబడి బల్ల మీద కూర్చునే ఓపిక ఉండాలి. మహిళా సంఘాల్లో లెక్కలు రాసే ఆడపిల్లలు, రిటైరైన టీచరమ్మలు, నర్సమ్మలు మనకి ఉన్నారు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఒడియాలో చెప్పడమే వాళ్ల పని. బాగుచేసి చెప్పకూడదు, మొహమాటపడి తగ్గించకూడదు. ‘నా ఒంటి మీద చెయ్యి వేశాడు’ అని ఆమె అన్న తీరులో అర్థం వేరేది ఉంటే, మళ్లీ ఆమెనే మెల్లిగా అడగాలి. ఆస్పత్రిలో డాక్టరు ‘ఎలా తగిలింది’ అంటే అత్త పక్కనుండి ‘జారిపడింది’ అని చెప్పేలోపు ఈ తోడు మనిషి అత్తని బయటికి తీసుకెళ్లగలగాలి. ఆ చీటీ మీద ఏం రాశారన్నది ఆరు నెలల తర్వాత కోర్టులో ఆమె ప్రాణం. గృహహింస చట్టం కింద సర్కారు నియమించే రక్షణ అధికారి దగ్గర ఇంటి సంఘటన నివేదిక రాయించేటప్పుడు కొట్టిన దెబ్బలతో పాటు తిండి పెట్టకపోవడం, డబ్బు లాక్కోవడం, తిట్లు, పిల్లని దూరం చేయడం అన్నీ రాయించాలి, చట్టం ఇవన్నిటినీ హింస కిందే లెక్కవేస్తుంది. మేజిస్ట్రేట్ మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా వాయిదాలు ఎలా సాగుతాయో మనకి తెలుసు. ప్రతి వాయిదాకీ బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం సంఘం ఖాతా నుంచి ఇవ్వండి. కేసులు వదిలేసుకున్న ఆడవాళ్లలో చాలామంది భయపడి వదల్లేదు, బస్సు చార్జీకి లేక వదిలారు.

కాగితాల సంగతి వేరే చెప్పాలి. గడప దాటేటప్పుడు చేతికి పిల్ల వస్తుంది, కాగితం రాదు. ఆధార్ అత్త బీరువాలో, రేషన్ కార్డు మామ పేరున, పాస్‌బుక్ మొగుడి దగ్గర. ఒడిశా సర్కారు ఆడవాళ్ల కోసం పెట్టిన సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000 రూపాయలు ఆమె ఖాతాలోనే పడతాయి, ఏటీఎం కార్డు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. కోర్టులో మొదటి ప్రశ్న ‘పెళ్లయినట్టు రుజువేది’ అని. ఆ రుజువు సంఘం దగ్గర ఉంది కదా! మండపం బుకింగ్ రిజిస్టరు, శుభలేఖ, లెటర్‌హెడ్ మీద మీరే ఇచ్చిన పెళ్లి ధ్రువీకరణ. అడిగిన రోజే దాని కాపీ ఇవ్వండి, ‘అబ్బాయివాళ్లని ఒక మాట అడిగి’ అనకండి. పెళ్లప్పుడు పెట్టిన బంగారం, సామాను జాబితా ఇరువైపులా సంతకాలతో సంఘంలో ఒక కాపీ ఉంచే పద్ధతి మొదలుపెడితే ఇంకా మంచిది. స్త్రీధనం తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్‌ని అడిగే హక్కు ఆమెకి ఉంది, జాబితా లేక నోటిమాటగా మిగిలిపోతోంది.

పిల్లల బడి కూడా. టీసీ ఇవ్వకుండా తిప్పితే భయపడనక్కర్లేదు. టీసీ ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్తోంది. ఇక్కడ ఒడియాలో చదివిన పిల్ల ఇచ్ఛాపురం వైపు వెళ్తే చదువు పోతుందని అత్తింటివాళ్లు బెదిరిస్తారు. అటువైపు కూడా ఒడియా మీడియం బడులు ఉన్నాయి. ఈ ఒక్క మాట తెలియక ఏళ్ల తరబడి ఓర్చుకున్న తల్లి నాకు తెలుసు.

అబద్ధపు కేసులు పెడతారన్న మాట ఎలాగూ వస్తుంది కాబట్టి చెప్తున్నాను. గృహహింస చట్టం కింద ఆమె అడిగేది ముందుగా తన ఒంటికి రక్షణ, ఆ ఇంట్లోంచి గెంటకుండా ఉండటం, ఖర్చులకి డబ్బు, పిల్లలు. ఉత్తర్వు ఇచ్చాక దాన్ని తొక్కేస్తేనే జైలు మాట. ఎవరిది నిజమో తేల్చడానికి మేజిస్ట్రేట్ ఉన్నాడు. ఆ తేల్చే పని మన కుర్చీల్లోంచి మనం చేయబోతేనే అన్యాయం జరుగుతోంది, ఒక్కోసారి అబ్బాయివాళ్లకి కూడా. ఆమె కాపురమే కావాలంటే అది ఆమె ఇష్టం. కలిసి ఉండే దారి వెతకడానికి మీ పెద్దరికం తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే ఆమె కడుపు నిండి, గాయానికి కట్టు కట్టి, పక్కన తన మనిషి కూర్చుని, ‘నేను మాట్లాడతాను’ అని ఆమె తనంతట తాను అన్నప్పుడు. అంతకుముందు జరిగేది రాజీ అనిపించుకోదు.

మీ పలుకుబడి కలెక్టర్ ఆఫీసుల్లో కూడా పనికొచ్చే చోటు ఒకటుంది. ఆడవాళ్ల హక్కులు వివరించే నాలుగో నంబరు ఫారాన్ని ఇంగ్లీషులో గానీ స్థానిక భాషలో గానీ ఇవ్వాలని 2006 నిబంధనల్లో ఉంది. మన వీధుల్లో స్థానిక భాష తెలుగే. గంజాం, గజపతి రక్షణ అధికారుల దగ్గర అది తెలుగులోనూ ఉంచమని, సఖి కేంద్రాల్లో, మహిళా డెస్కుల్లో తెలుగొచ్చిన ఆడవాళ్ల ఫోన్ నంబర్ల జాబితా గోడకి పెట్టమని సంఘాలన్నీ కలిసి అర్జీ ఇద్దాం. జిల్లా న్యాయసేవల సంస్థలు న్యాయసాయంలో తోడుగా ఉండటానికి తీసుకునే పారాలీగల్ వలంటీర్లలో మన అమ్మాయిలని చేర్పిద్దాం. తాలూకా స్థాయి దాకా రక్షణ అధికారులని గుర్తించి నియమించమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మన బ్లాకులో ఆ అధికారి ఎవరు, ఎక్కడ కూర్చుంటారు, అన్నది సంఘం నోటీసు బోర్డు మీద ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. భాషా అల్పసంఖ్యాకులు జనాభాలో 15 నుంచి 20 శాతం ఉన్న చోట్ల ముఖ్యమైన నోటీసులు వాళ్ల భాషలోనూ వేయాలన్న మాట 1956 నుంచీ ఉన్నదే. బడుల కోసం, బోర్డుల కోసం ఆ మాట పట్టుకుని అర్జీలు రాయడం మనకి అలవాటే. ఈసారి ఆడపిల్లల కోసం పట్టుకుందాం. అర్జీ ఒడియాలో నేను రాసిస్తాను.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ లేఖని చదివించండి. ఆ రోజు ఆడవాళ్లని భోజనాల పనికి పంపకుండా హాల్లో కూర్చోబెట్టండి. గది ఏదో, తోడు వెళ్లేది ఎవరో, బస్సు చార్జీలు ఏ ఖాతాలోంచో అక్కడే తీర్మానం రాయండి. గది తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం ఆడవాళ్లనే తేల్చుకోనివ్వండి.

ఇట్లు,
బరంపురం నుంచి మీ ఆడపడుచు